శనికి దొరకని పొలాలు

మా ఊళ్లో ముత్తవ్వ గురించి ఒక మాట తిరుగుతోంది. సిరిసిల్ల నుంచి మంచి చీర ఒకటి తెచ్చి, ఎవరో పెద్దసారు భార్యకు కట్టబెట్టి, గుట్ట కిందున్న నాలుగిళ్ల భూములను ఒక్క పూటలో తన పేరు మీదికి రాయించుకుందట. కోరుట్లలో బస్సెక్కినప్పుడు ఆ మాటలో నాలుగు పొలాలే ఉన్నాయి. బస్సు కథలాపూర్ చేరేసరికి గుట్ట కూడా వచ్చి కలిసింది. ధర్మపురిలో ఉండే మా మేనత్త ఫోన్ చేసి, "మీ ముత్తవ్వ గుట్ట మీది దేవుణ్ని కిరాయి కట్టుమంటున్నదట, నిజమేనానే?" అని అడిగింది.

నాకు నవ్వాగలేదు. ఫోన్ పెట్టేసి మళ్లీ నవ్వాను. ఆ రోజులన్నీ నేను సంచి పట్టుకుని ముత్తవ్వ వెనకాలే ఉన్నాను మరి.

ముత్తవ్వకు యాభై దాటాయి. కల్లు గీసే గౌడుల ఇంటి కోడలు. భర్త ఎల్లేశం తాటిచెట్టు మీది నుంచి పడి నడుము పోగొట్టుకున్నాక, ఆమె సిరిసిల్ల మగ్గాలవాళ్ల దగ్గర లంగాల గుడ్డ, లుంగీలు, తువ్వాళ్లు తెచ్చి, మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మడం మొదలుపెట్టింది. ఆ లంగాలు కుట్టేది నేను. తొమ్మిదో తరగతి సగంలో బడి మానేసినదాన్ని. నలుగురిలో నా నోరు పెగలదు. "నీకు సదువచ్చు, నాకు నోరచ్చు. ఇద్దరం కలిస్తె ఒక్క మనిషి లెక్క" అంటుంది ముత్తవ్వ. ఎక్కడికి పోయినా నన్ను లాక్కుపోయేది అందుకే.

ఎల్లేశం తీరు వేరు. చెట్లెక్కలేని మనిషి చెట్లు పెంచడం మొదలుపెట్టాడు. గుట్టకూ వాగుకూ నడుమ వాళ్లకు కొంత మెట్ట చెలక ఉంది. అందులో మామిడి మొక్కలు పెట్టి, కర్ర ఊతంతో బిందె ఈడ్చుకుంటూ ఒక్కోదాని పక్కన కూర్చుని నీళ్లు పోశాడు. ఇప్పుడవి గుత్తులు గుత్తులుగా కాస్తున్నాయి. మనుషులతో మాట్లాడటానికి బద్ధకిస్తాడు గానీ చెట్లతో మాత్రం రోజంతా ఏదో ఒకటి అంటూనే ఉంటాడు.

"ఆయనకు నేను రెండో పెండ్లాన్ని పిల్లా. మొదటామె గా తోట" అని ముత్తవ్వ ఎగతాళి చేస్తుంది. ఆ మాటకు ఎల్లేశం కాదనడు.

ఈ ఏడు పూత బాగా దిగింది. సరిగ్గా అప్పుడే మధుకర్ దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. మధుకర్ చనిపోయిన మొగిలి కొడుకు. ఎల్లేశం తోట పక్క పొలం వాళ్లది. అందులో పాత బావి ఉంది కాబట్టి బావిపొలం అంటాం. దుబాయి డబ్బుతో మధుకర్ ఆ పొలంలోనే, రోడ్డు వైపు, గులాబీరంగు రెండంతస్తుల ఇల్లు కట్టాడు. ఇంట్లో అతని బాపమ్మ బాలవ్వ ఉంటుంది, మొగిలి తల్లి. ఈసారి మధుకర్ తిరిగి పోనంటున్నాడు. కోరుట్లలో సెల్‌ఫోన్ల దుకాణం పెడతాడట. దానికి పెట్టుబడి కోసం కొంత భూమి అమ్మాలనుకుని, ఎక్కడెంత ఉందో ఫోన్‌లో చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ రోజు ముత్తవ్వా నేనూ ఎల్లేశానికి సద్ది పట్టుకుని తోటకు పోయాం. మధుకర్ ఫోన్‌లోంచి తలెత్తకుండా నడుస్తూ వచ్చి మామిడికొమ్మకు నుదురు కొట్టుకున్నాడు. అయినా తలెత్తలేదు.

"అత్తా, జర పక్కకు జరుగు. చుక్క నీ మీదికచ్చింది."

"నా మీద చుక్కేందిరా అల్లుడా?"

"గీ నీలం చుక్క నేను. గీ గీతలు మనూరి పొలాలు. ఒక్కో పొలంల దాని సర్వే నెంబరున్నది సూడు." అని మధుకర్ జేబులోంచి పట్టా పాసుబుక్కు తీశాడు. ఒకసారి పుస్తకం చూశాడు, ఒకసారి ఫోన్ చూశాడు. రెండడుగులు వెనక్కి, రెండడుగులు ముందుకు వేశాడు. పొలం చుట్టూ ఒక చక్కరు కొట్టి వచ్చాడు. అతని మొహం వెలిగిపోతోంది. "అత్తా, గీ నెంబరు నా బుక్కులున్నది. గీ తోట నాదే!"

ఎల్లేశం నోటిదాకా వెళ్లిన ముద్ద మళ్లీ గిన్నెలోకి దిగింది.

"దుబాయి ఎండకు నీ ఫోన్ మెదడు కరిగిందిరా" అని ముత్తవ్వ పకపకా నవ్వింది. "ఇంటికి వోయి దానికి మజ్జిగ తాపు."

రెండు రోజుల తర్వాత మధుకర్ కోరుట్ల నుంచి దేవేందర్ అనే ఆయన్ని కారులో తీసుకొచ్చాడు. దేవేందర్ పూత వాసన చూశాడు, ఒక చెట్టును పట్టుకుని ఊపి చూశాడు, నడుమ ఫాంహౌస్ కడితే ఎట్లుంటుందని చేతులతో గాలిలో గోడలు కట్టి చూశాడు. రిజిస్ట్రేషన్‌కు మండల ఆఫీసులో తేదీ కూడా తీసుకున్నామని మధుకర్ చెప్పాడు. అప్పుడు ముత్తవ్వ నవ్వు ఆగింది.

ముత్తవ్వ ఇంట్లోనూ పాసుబుక్కు ఉంది. చీరల కింద, పసుపు గుడ్డలో చుట్టి. అది వచ్చిన రోజు ఇల్లంతా చూసుకుంది. పేరు సరిగా ఉందా, ఎకరాలు సరిగా ఉన్నాయా, ఫోటోలో ఎల్లేశం మీసం పడిందా. సర్వే నంబరు ఎవరు చూస్తారు? నాలుగు పొలాలూ పక్కపక్కన ఇంచుమించు ఒకే కొలత. అంకెకూ నేలకూ ముడిపెట్టే పని ఎవరికీ రాలేదు.

మర్నాడు కథలాపూర్ మండల ఆఫీసుకు పోయాం. కంప్యూటర్ ముందున్న పిల్లవాడు పాసుబుక్కు చూసి, బొమ్మ తిప్పి చూపించాడు. "రికార్డు సాఫ్‌గ ఉన్నది పెద్దమ్మా. తోట నెంబరు మధుకర్‌ది. మీ నెంబరు గిది, గుట్ట అంచుకున్నది."

"గుట్ట అంచుకు మాకేడిది బిడ్డా? గాడ మా ఊరి బీరయ్య గొర్లు పండుకుంటయి."

"గొర్ల సంగతి కంప్యూటర్‌కు తెల్వదు పెద్దమ్మా."

ఇంటికొచ్చి ఎల్లేశానికి సంగతి చెప్పాం. అంతా విని అడిగాడు: "గుట్టకు చెట్లను ఎట్ల తీస్కపోతమే?" ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. ముత్తవ్వ మూట విప్పి, కట్టి, మళ్లీ విప్పింది.

"పాత లెక్కలు జగిత్యాలల ఉంటయట" అంది. "పోదాం పా పిల్లా."

జగిత్యాలలో అర్జీ పెట్టి, తిరిగి, కూర్చుని, చివరికి తోట నంబరుకు పాత పహాణీల నకళ్లు తెచ్చుకున్నాం. పహాణీ అంటే ఏ పొలం ఎవరిది, అందులో ఎవరు ఏం పండించారు అని పట్వారీ ఏటేటా రాసే లెక్క. ఒక గడిలో పట్టాదారు పేరుంటుంది. ఇంకో గడిలో అనుభవదారు, అంటే నిజంగా దున్నుకున్నవాడి పేరు. నేను వేలు పెట్టి చదువుతూ పోయాను. పట్టాదారు గడిలో అన్నేళ్లూ మధుకర్ తాత పేరే ఉంది. కానీ అనుభవదారు గడిలో ఎల్లేశం నాయన పేరు కనబడేసరికి ముత్తవ్వ అక్కడే, అందరి ముందూ, నన్ను పట్టుకుని గిర్రున తిప్పింది.

"మా మామ! మా మామ ఉన్నడు గీండ్ల!"

బల్ల వెనకున్నామె కళ్లజోడు పైకి జరిపి, "మీ మామను తొందరగా ఇంటికి తీస్కపో, లంచ్ టైమైతున్నది" అంది.

బస్సు దిగి నేరుగా గులాబీరంగు ఇంటికి పోయాం. ముత్తవ్వ మెట్ల మీద నిలబడి ఆ కాగితం జెండాలా ఊపింది. మధుకర్ తీసుకుని నింపాదిగా చదివాడు. చదివే కొద్దీ అతని మొహంలో నవ్వు పెరిగింది.

"అత్తా, గిది నాకే పనికచ్చే కాయితం. పట్టా మా తాతది. మీ మామ దున్నిండు. అంటే ఏంది? కౌలు! ఇన్నేండ్లు కౌలియ్యకుంట తిన్నరు, నేనేమన్న అడుగుతున్ననా?"

ముత్తవ్వ కాగితం లాక్కుని మెట్లు దిగింది. వాడకట్టు సగం దాటాక మెల్లగా అంది, "నోరున్నది పిల్లా. అండ్ల మాట లేదు."

నాలుగడుగులు వేసి ఆగిపోయింది.

"ఆగాగు. మాది గుట్ట నెంబరంటిరి గదా. మల్ల గా గుట్ట పొలంల ఎవలు దున్నినట్టు రాసిండ్రు? మేము కౌలోళ్లమైతె, మా పొలంల ఉన్నోడెవడు?"

మళ్లీ జగిత్యాల. ఈసారి ఆ వరసలోని నాలుగు పొలాలకూ నకళ్లు అడిగాం. గుట్ట పొలం, మామిడితోట, మధుకర్ వాళ్ల బావిపొలం, ఆఖరున వాగుపొలం. వాగుపొలంలో వరి వేసేది జలపతి, మధుకర్‌కు వరసకు కాక, అంటే చిన్నాయన. కాగితాలు చేతికందేసరికి ఆఖరి బస్సుకు ముందు బస్సు కదులుతోంది. ఎక్కి కూర్చున్నాక ముత్తవ్వ, "జెల్ది సదువు" అంది. నేను చదివితే ఆమెకు అర్థం కాలేదు. నాకూ అర్థం కాలేదు. పేర్లన్నీ కలిసిపోతున్నాయి.

అప్పుడామె మూట విప్పింది. ఆకుపచ్చ తువ్వాలు తీసి సీటు మీద పరిచింది. "గిది గుట్ట." పసుపుపచ్చది ఒళ్లో పరుచుకుంది. "గిది తోట." నీలంది నా ఒళ్లోకొచ్చింది, బావిపొలం. ఎర్రది పరచడానికి చోటు లేక పక్క సీటు ముసలాయన మోకాళ్ల మీద వేసింది. "నువ్వు వాగువు తాతా, కదలకు."

"నేనేడికి కదుల్త బిడ్డా, బుగ్గారం దాంక గిట్లనే" అన్నాడాయన.

"అది కోరుట్ల బస్సు తాతా" అన్నాడు కండక్టరు.

ముసలాయన లేవబోతే ముత్తవ్వ భుజం నొక్కి కూర్చోబెట్టింది. "వచ్చే స్టాపుల దిగుదువు. మా పొలాలు తేలనియ్యి."

నేను ఒక్కో పేరూ చదివాను. ఆమె ఒక్కో ఇంటికీ ఒక లుంగీ తీసి, పట్టా ఎక్కడుంటే ఆ తువ్వాలు మీద పెట్టింది. తర్వాత అనుభవదారు గడి చదివాను. గుట్ట మీదున్న గౌడుల లుంగీ తోటకు జరిగింది. తోటలోని మధుకర్ వాళ్ల లుంగీ బావికి జరిగింది. బావి మీదున్న జలపతి వాళ్లది ముసలాయన మోకాళ్ల మీదికి పోయింది. మోకాళ్ల మీదున్న బీరయ్య వాళ్ల లుంగీకి ఇక ముందు చోటు లేదు. అది చుట్టు తిరిగి గుట్ట మీదికి వచ్చి కూర్చుంది. ఎవరి తువ్వాలు మీదా వాళ్ల లుంగీ లేదు. ఇట్లా జరిగిన మొదటి ఏడుకు ముందు పహాణీలో మాత్రం ఎవరిది వాళ్లకే ఉంది. ఒక్క ఏడాదిలో నాలుగిళ్లూ ఒక్కో పొలం పక్కకు జరిగాయి.

ముత్తవ్వ ఒక్క క్షణం చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. బస్సు మెలికలు తిరుగుతోంది, ఆమె సీటు మీద అటూ ఇటూ ఊగుతోంది. "అందరు అందరికి కౌలోళ్లే పిల్లా! మధుకర్ జలపతికి కౌలోడు, జలపతి బీరయ్యకు, బీరయ్య మాకు! ఇగ అడుగురా అల్లుడా కౌలు, అడుగు!" ఎందుకో తెలియకుండానే ముందు సీట్లవాళ్లు కూడా నవ్వుతున్నారు. ముసలాయన దిగేటప్పుడు ఆ ఎర్ర తువ్వాలు బాగుందని కొనుక్కుపోయాడు.

జరగడమైతే తేలింది. ఎందుకు జరిగారో తెలియలేదు. ఆ నాలుగిళ్లలో ఆ ఏడాది నాటి పెద్దల్లో బాలవ్వ ఒక్కతే మిగిలింది.

మర్నాడు పోయేసరికి ఆమె గులాబీరంగు ఇంటి అరుగు మీద ఎండకు కూర్చుని ఉంది. ముత్తవ్వ చెవి దగ్గరికి వంగి, "బాలవ్వా, మనోళ్లు పొలాలు ఎందుకు మార్చుకున్నరు?" అంది. బాలవ్వ చటుక్కున ఆమె నోరు మూసింది.

"ఉష్! ఇంటడు."

"ఎవలు?"

బాలవ్వ ఆకాశం వైపు చూసి, కొంగు తల మీదికి లాక్కుంది. ఎంత అడిగినా చెప్పలేదు. చివరికి ముత్తవ్వ, "నీ మనుమడు గా తోట నాదే అని అమ్మవోతున్నడు" అని అసలు మాట చెప్పింది. బాలవ్వ మొహం పాలిపోయింది. మా ఇద్దరినీ లోపలికి లాగి, తలుపు పెట్టి, ఫ్యాన్ వేసింది, చప్పుడులో మాట వినబడకుండా.

"మొగిలి ఉయ్యాలల ఉన్నప్పటి ముచ్చట. గిప్పుడు నీ తోట ఉన్నదే, గది మాదే. గండ్ల మా ఎడ్లు పడి సచ్చినయి. మల్ల కొంటే మల్ల సచ్చినయి. మా మామను పాము గరిసింది. శని పట్టిండని పంతులు జెప్పిండు. భూమి ఇడిశిపెడ్తే పోతడా అంటే పోడట. ఎంబడే అస్తడట. తోవ తప్పియ్యాలన్నడు."

"తోవ తప్పిచ్చుడెట్ల?"

"నాలుగిండ్లోళ్లు ఒక్కటైండ్రు. అందరం ఒక్కో పొలం జరిగినం. శని మా పొలానికచ్చి సూస్తే గౌడోళ్లుంటరు. గౌడోళ్ల పొలానికి వోతే గొర్లుంటయి. గొర్లోళ్ల పొలానికి వోతే జలపతి తాత ఉంటడు. తిరిగి తిరిగి యాష్టకచ్చి ఊరిడిశి పోవాలె. గౌడోళ్లు హద్దురాళ్ల మీద కల్లు పోసిండ్రు. గీ ముచ్చట ఎవలు నోటెంట అనద్దు, పిల్లలకు గూడ చెప్పద్దని ఒట్టేసుకున్నరు. అంటే ఆయన ఇంటడు గదా!"

"పట్వారీకన్న చెప్పాలె గదా బాలవ్వా."

"చెప్తే రాస్తడు. రాస్తే ఆయన సదువడా?"

ముత్తవ్వ నెత్తి పట్టుకుంది. "శనికి దొరకకుంట జేసిండ్రు, మంచిగున్నది. తాసిల్దారుకు గూడ దొరకకుంట జేసిండ్రు గదనే తల్లీ!"

నాలుగిళ్ల పెద్దలూ ఒట్టు తప్పకుండా చనిపోయారు. ఏటేటా వచ్చిన పట్వారీ మాత్రం పొలంలో ఎవరు కనబడితే వాళ్ల పేరు రాసుకుని పోయాడు.

సాయంత్రం మధుకర్ వచ్చేసరికి బాలవ్వ కర్ర పట్టుకుని గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "శనిని కాళ్లు వట్టుకొని ఇంట్లకు గుంజుకస్తున్నవారా?"

"బాపమ్మా, ఫోన్‌ల శని ఉండడు, సర్వే నెంబరు ఉంటది" అని అతను పక్క నుంచి దూరిపోయాడు. రిజిస్ట్రేషన్‌కు ఇంకా వారం కూడా లేదు. ఆమె మాట వింటాడన్న ఆశ నాకు పోయింది.

ముత్తవ్వకు పోలేదు. మూట నెత్తిన పెట్టుకుని జలపతి ఇంటికి పోయింది. జలపతి పెద్ద కొంటె మనిషి. అంతా విని, కాగితాలు రెండుసార్లు చదివించుకుని, మీసం దువ్వుకున్నాడు. "అంటే పట్టా లెక్కన బావిపొలం నాది."

"నీదే."

"గండ్ల మధుగాని ఇల్లున్నది."

"రెండంతస్తులు" అంది ముత్తవ్వ.

మర్నాడు పొద్దున్నే జలపతి తెల్లబట్టలు వేసుకుని, భార్యనూ, కోడలినీ, నలుగురు చుట్టాలనూ వెంటబెట్టుకుని గులాబీరంగు ఇంటి ముందు దిగాడు. మేమూ పోయాం. ఊరూ వచ్చింది. మధుకర్ బ్రష్ నోట్లో పెట్టుకుని బయటికొచ్చాడు.

"ఏంది కాకా, పొద్దుగాల్నే?"

"ఏం లేదు బిడ్డా, నా ఇల్లు సూసుకుందామని అచ్చిన." జలపతి గోడ మీద చేత్తో తట్టాడు. "కట్టుడు మంచిగనే కట్టినవు. రంగే నాకు నచ్చలే. గీ గులాబి తీసేపిచ్చి ఆకుపచ్చ ఏపిద్దాం. ఏమంటవే?" అని భార్య వైపు తిరిగాడు.

"పైన కోడలికిద్దాం" అందామె గంభీరంగా. "వంటిల్లు చిన్నగున్నది, గోడ కొట్టియ్యాలె."

"కాకా, నవ్వులాటనా?"

"నవ్వులాటెట్లైతది? నీ ఫోన్ తియ్యి. చుక్క వెట్టి సూడు, నా నెంబరు ఉంటది. నువ్వు ఇన్నేండ్లు కౌలియ్యలే, నేనేమన్న అడుగుతున్ననా?"

మధుకర్ నోట్లోంచి బ్రష్ జారింది. లోపలికి పరుగెత్తి ఫోన్ తెచ్చాడు. మెట్ల మీద నిలబడి చూశాడు, మెట్లు దిగి చూశాడు, మేడెక్కి చూశాడు. నీలంచుక్క ఎక్కడికి పోయినా జలపతి నంబరులోనే ఉంది.

ఇంతలో అటు వాగు వైపు కేకలు వినబడ్డాయి. సంగతి చెవిన పడగానే బీరయ్య గొర్రెలను వాగుపొలానికి తోలాడు. పట్టా లెక్కన అది అతనిది కదా. గొర్రెలు గట్టు మీద నిలబడి వరి వైపు చూస్తున్నాయి. బీరయ్య వాటికి అడ్డంగా చేతులు చాపి నిలబడి, "నా పొలమే, జర మర్యాదగ దిగుండ్రి!" అంటున్నాడు. ఇప్పటిదాకా ఇల్లు ఏలిన జలపతి తెల్లపంచె పైకెత్తి వాగు వైపు పరుగు తీశాడు. "ఓ బీరన్నా! నా వరి రా! మామా! బావా!" వరసలన్నీ మారిపోయాయి. ఊరు ఊరంతా పొట్టలు పట్టుకుంది. మిగతా ఇళ్లవాళ్లు కూడా చీరల కింద నుంచి పాసుబుక్కులు తీసి, తమ పొలం తమదేనా అని చూసుకోవడానికి పరుగులు తీస్తున్నారు.

ఆ గోలలోకి దేవేందర్ కారు వచ్చింది. అతనికి నలుగురు నాలుగు వైపుల నుంచి విషయం చెప్పారు. అతను కారు దిగకుండానే విని, అద్దం పైకెత్తుతూ, "మీరు కూసొని ఎవరిదేదో ముందుగాల తేల్చుకోండ్రి" అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

మధుకర్ మెట్ల మీద కూలబడ్డాడు. కాసేపటికి అతని భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. నవ్వుతున్నాడు.

"అత్తా, నా ఇల్లు నాకిప్పియ్యి. నీ తోట నీకిప్పిస్త."

"దుకాణం?" అంది ముత్తవ్వ.

"ముందటర్రల పెట్టుకుంట. రోడ్డు మీదనే ఉన్నది గదా."

"పెట్టుకో బిడ్డా, కిరాయి తక్కువనే తీసుకుంట" అన్నాడు అప్పుడే వగరుస్తూ తిరిగొచ్చిన జలపతి.

కోరుట్లలో దస్తావేజులు రాసే ఆయన మా కథ విని పెన్ను కింద పెట్టాడు. మార్పిడి అంటే ఇద్దరి నడుమ జరుగుతుంది గానీ నలుగురు గుండ్రంగా మార్చుకోవడం ఆయన చూడలేదు. ముత్తవ్వ మళ్లీ తువ్వాళ్లు తీసింది. ఆయన బల్ల మీద లుంగీలు జరిపి జరిపి చూసుకున్నాక, మూడు మార్పిళ్లలో అయిపోతుందన్నాడు. మొదట ఎల్లేశం, మధుకర్ మార్చుకోవాలి. తోట ఎల్లేశానికొస్తుంది, గుట్ట మధుకర్‌కు పోతుంది. ఆ గుట్టనిచ్చి మధుకర్ జలపతి దగ్గర బావిపొలం తీసుకోవాలి. అదే గుట్టనిచ్చి జలపతి బీరయ్య దగ్గర వాగుపొలం తీసుకోవాలి. గుట్ట చివరికి గొర్రెల దగ్గరికి చేరుతుంది.

బాలవ్వ ఒక్కతే ఒప్పుకోలేదు. కాగితం మీద రాస్తే శని చదువుతాడని పట్టుబట్టింది. ముత్తవ్వ ఆమె ముందు కూర్చుని ఆ మూడు మలుపులూ లుంగీలతో తిప్పి చూపించింది. బాలవ్వ కళ్లు వాటి వెంట తిరిగి తిరిగి చివరికి మూసుకున్నాయి.

"నాకే తల తిరుగుతున్నది" అంది తృప్తిగా. "గిన్ని మలుపులు తిరిగితే ఆయన కండ్లు తిరిగి పడ్తడు. రాయిండ్రి."

రిజిస్ట్రేషన్ రోజు కథలాపూర్ ఆఫీసుకు రెండు ఆటోల్లో పోయాం. ఎల్లేశం కొత్త చొక్కా వేసుకున్నాడు. లోపల మొదట ఎల్లేశాన్నీ మధుకర్‌నూ పిలిచారు. వేలిముద్రలు, ఫోటోలు. బయటికొచ్చి మధుకర్ ఛాతీ విరుచుకున్నాడు, "జరుగుండ్రి, గుట్ట పటేల్ను నేను!" అతను టీ తాగేసరికి గుట్ట జలపతిదయింది. జలపతి బెంచీ మీద కాలు మీద కాలేసుకుని, "నేనియ్య పో. గుట్ట మీద బంగ్లా కడ్త" అని మొండికేశాడు. బీరయ్య అతని రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయాడు.

ఎల్లేశం తన కాగితాన్ని మడవకుండా రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "గీ నెంబరు తోటదేనా బిడ్డా, సూడు." చూసి చెప్పాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. "అయితే ఇంటికి వోదాం, చెట్లకు నీళ్లియ్యాలె" అన్నాడు.

ముత్తవ్వ ఆ వేళ ఆఫీసు గేటు బయట, వరసలో నిలబడ్డవాళ్లకు లుంగీలు అమ్ముతోంది. లోపలివాళ్లు ఆమెను పిలవలేదు. పిలవాల్సిన పని లేదు. ఎల్లేశం, మధుకర్, జలపతి, బీరయ్య, ఈ నలుగురి పేర్లే ఆ కాగితాల్లో ఉన్నాయి. ముత్తవ్వ పేరు మీద ఆ నాలుగు పొలాల్లో గానీ మరెక్కడైనా గానీ ఒక్క గుంట భూమి లేదు.